ఆఖరి ఫారం

ఆ పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. మబ్బు పట్టింది, చినుకు రాలలేదు. ఎండ కాసేపు మొహం చూపించి మళ్లీ ముసుగు తన్నింది. కోడలు తడిబట్టలు దండెం మీద ఆరేసింది, మబ్బు చూసి తీసింది, ఎండ చూసి మళ్లీ ఆరేసింది. చివరికి బకెట్టు మెట్ల మీద ఠపీమని దించి, "కురిస్తే కురువు, లేకపోతే పో" అని పైకి చూసి అనేసింది.

అప్పుడే వెనక గదిలోంచి నవ్వు వినబడింది.

అది అత్తగారి నవ్వు. ముందు ముక్కుతో చిన్న చప్పుడు. తరువాత కాసేపు ఏమీ ఉండదు. అయిపోయింది కాబోలు అనుకునేలోగా గొంతు తెంచుకుని వస్తుంది. ఆవిడ కూర్చున్న మంచం కోళ్లు కూడా కిర్రుమంటాయి. ఆ మంచం మీదే మామగారు పడుకుని ఉన్నాడు.

ఆయన వడ్రంగి మేస్త్రి. ఎవరింట్లోనో అటక పలకలు బిగిస్తూ నిచ్చెన మీది నుంచి వెనక్కి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో అతికించారు, అతుక్కుంది కూడా. ఇక లేచి నడవడమే మిగిలిందని, ఇలాగే పడుకుని ఉంటే కాళ్లు కట్టెలైపోతాయని, ఆ తరువాత ఎవరూ ఏమీ చేయలేరని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు బతిమాలాడు. కోడలు బతిమాలింది. చేతికర్ర తెచ్చి మంచానికి ఆనించారు. మేస్త్రి దాని వంక ఒకసారి చూసి, "ఆ పిడి ఎవడు చేశాడ్రా, వంకర" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కొడుకు బస్సు డ్రైవరు. తెల్లారకముందు వెళితే దీపాలు పెట్టాక వస్తాడు. అందుకని మందులు, స్నానం, పక్కబట్టలు, వంట అన్నీ కోడలి మీదే పడ్డాయి. పైగా ఆమెకు కుట్టుపని ఉంది. ముందు గదే ఆమె దుకాణం. ఒక మిషను, కత్తిరించే బల్ల, గుడ్డపీలికలు వేసే బుట్ట. వచ్చినవాళ్లు ఆ గదిలోనే కూర్చుంటారు. వెనక నవ్వితే ముందు వినబడుతుంది.

నవ్వు చాలదన్నట్టు ఈమధ్య ఇంటినిండా కాగితాలు.

అత్తగారు ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఒక అచ్చాఫీసులో బైండింగు పని చేసింది. అక్కడ పుస్తకం పుస్తకంగా పుట్టదు. ఒక పెద్ద కాగితానికి రెండువైపులా పేజీలు అచ్చవుతాయి. దాన్ని మడత మీద మడత పెడితే చిన్న కట్ట అవుతుంది. దాన్ని ఫారం అంటారు. ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. మడిచే చేతులు అత్తగారివి. మడుస్తూనే చదివేది. ఏడిపించే పుస్తకమైతే చకచకా సాగేదట. నవ్వించే పుస్తకమైతే ఆ రోజు పని గల్లంతే. "ఫోర్‌మనుకి కనబడకుండా బల్ల కింద దూరి నవ్వేదాన్ని. బల్ల ఊగి దొరికిపోయేదాన్ని" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అచ్చాఫీసు మూతపడ్డ రోజున పనివాళ్లు తలా ఒకటి తెచ్చుకున్నారు. ఒకడు కుర్చీ తెచ్చుకున్నాడు, ఒకడు గోడ గడియారం తెచ్చుకున్నాడు. ఈవిడ ఇంకా కుట్టని నవ్వుల పుస్తకం ఒకటి తెచ్చుకుంది. అట్ట లేదు, కుట్టు లేదు, పేరు కూడా లేదు. ఉత్త ఫారాలు. ఆ పుస్తకం మిగతా ప్రతులన్నీ చిత్తుకాగితాల కింద పోయాయి. లోకంలో ఆ కథ ఉన్నది ఆవిడ ట్రంకుపెట్టెలోనే.

ఇప్పుడా ఫారాలు పెట్టె దిగి ఇల్లంతా తిరుగుతున్నాయి. కిటికీ గూట్లో ఒకటి. వంటింట్లో నీళ్లకుండ పక్కన ఒకటి. నడవాలో చెప్పుల అరమీద ఇంకొకటి. కోడలు ఏరుకొచ్చి పెట్టెలో పెడుతుంది. కాసేపటికి మళ్లీ బయటే ఉంటాయి.

"అత్తయ్యా! ఈ కాగితం కుండ పక్కకి మళ్లీ ఎందుకొచ్చింది?"

"ఉండనీ అమ్మాయ్. దాని చోటదే."

"కాగితానికి నీళ్ల దగ్గర చోటేంటండీ? తడిస్తే?"

"నువ్వు ముట్టుకోకపోతే తడవదులే."

ఇలాంటి జవాబులు వింటే కోడలికి ఒళ్లు మండేది.

ఆ పొద్దున నర్సు వచ్చింది. పెద్దాసుపత్రిలో పని చేస్తుంది. కుట్టడానికిచ్చిన తెల్లకోటు సాయంత్రానికే కావాలంది. రేపు పొద్దున్నే పైవాళ్లు తనిఖీకి వస్తున్నారట.

"సాయంత్రానికంటే ఎలాగండీ? చేతులింకా కత్తిరించనే లేదు."

"నువ్వు తలచుకుంటే ఎంతసేపమ్మా. పాతదానికి చేతులు పట్టేశాయి, కాస్త వదులుగా పెట్టు." నర్సు చెయ్యి చాపి కొలత ఇస్తూ చెవి ఒగ్గింది. వెనక గదిలో ముక్కు చప్పుడైంది. తరువాత అంతా వచ్చింది. "మీ మామగారు లేచారా ఏంటి?"

"లేదండీ."

"మరి ఆ నవ్వు?"

"మా అత్తగారు."

"ఓ" అంది నర్సు. కొలత పూర్తయింది. గడప దాటుతూ గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకు. బాధ పట్టలేక కొంతమంది అలాగైపోతారు. మా వార్డులో ఒకావిడుండేది, గోడ చూసి నవ్వేది. ఆలస్యం చేయక ఎవరికైనా చూపించండి."

కోడలి చెవులు వేడెక్కాయి. తలుపు వేసి బల్ల దగ్గరికొచ్చింది. కొత్త కొలతతో కోటు చేతికి ముందు కాగితం కత్తిరించుకోవాలి. దాన్ని గుడ్డ మీద పెట్టి గీసుకోవాలి. పాత పేపర్లు వెతికితే ఒక్కటీ లేదు. బల్ల మూలన మాత్రం మడిచిన కాగితం కట్ట ఒకటి ఉంది. తాను బట్టలతో కుస్తీ పడుతున్నప్పుడు ఎవరో పెట్టినట్టుంది. ఎవరో ఏమిటి, ఇంకెవరు!

విప్పితే బల్లంత కాగితమైంది. మీద అచ్చు ఉంది. కానీ సగం పేజీలు నిటారుగా, సగం తలకిందులుగా ఉన్నాయి. ఒక పేజీ పక్కన దానికి సంబంధం లేని ఇంకో పేజీ. "అచ్చు తప్పిన చిత్తుకాగితం కూడా దాచుకుందీవిడ" అనుకుంది. ఫారం మడతపెడితేనే పేజీలు వరసకొస్తాయని, విప్పితే తలకిందులుగానే కనబడతాయని ఆమెకు తెలియదు. చేతిలో కత్తెర ఉంది. మనసులో కోపం ఉంది. కాగితం కోటు చెయ్యి అయింది.

మిషను ఎక్కింది. చక్రం తిరుగుతుంటే కాస్త ప్రాణం కుదుటపడింది. మిషను చప్పుడులో వెనక గది వినబడదు. దారం తెగి ఆగినప్పుడు మేస్త్రి గొంతు వినబడింది.

"ముక్కలుగా ఊడదీస్తే పోయేదానికి గోడ పగలగొడతారా, వెధవలు! కొలత తీయకుండా రంపం పట్టుకునేవాడు వడ్రంగేనా అసలు!"

దాని వెనకే అత్తగారి నవ్వు. ఈసారి చేత్తో మంచం బాదుతూ నవ్వుతోంది.

కోడలు లేచింది. వేలికి సూది గుచ్చుకున్నది కూడా చూసుకోకుండా వెనక గదికి వెళ్లింది. మేస్త్రి ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆయాసపడుతున్నాడు. అత్తగారి ఒళ్లో ఒక ఫారం ఉంది, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"ఏం జరుగుతోందత్తయ్యా ఇక్కడ?"

"ఏం లేదమ్మాయ్. ఇద్దరు వడ్రంగులు, బావా బామ్మర్దులు. ఎవరో ఆసామి చెప్పాడని గదిలో కూర్చుని ఇంత అల్మారా చేశారు. అయ్యాక చూస్తే గుమ్మం చిన్నది. గుమ్మం ఊడదీశారు, పట్టలేదు. ఇక గోడ..." ఆవిడ చెప్పలేకపోయింది. చెంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

"మీ కథలు వినీ వినీ మావయ్యకి జ్వరమేమైనా వచ్చిందా? గోడలంటున్నారు, రంపాలంటున్నారు. ఆయన అలా అవస్థ పడుతుంటే పక్కన కూర్చుని మీకు నవ్వెలా వస్తుందండీ?"

అత్తగారు ఫారం మడిచింది. మొహం తుడుచుకుంది. "నవ్వొచ్చే పుస్తకం అమ్మాయ్. అందుకే వస్తుంది" అంది.

"ఇంటికొచ్చినవాళ్లు మీకు మతి చలించిందంటున్నారు! నేను విని ఊరుకోవాలి. మందులు నేనే, పక్కబట్టలు నేనే, డాక్టరు చేత చీవాట్లు నేనే. ఆయన్ని లేపడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. మీరొక్కసారైనా 'లేవండీ' అని అడిగారా? ఒక్కసారి? కథలు చదువుకుంటూ కూర్చుంటారు, ఇల్లంతా కాగితాలు పరుస్తారు..." మంచానికి ఆనించిన చేతికర్ర వైపు చూపించింది. "ఆయన కాళ్లు పడిపోతే జీవితాంతం పడి ఉండాల్సింది ఆ మంచం మీదే. అది తలచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. మీకు నవ్వు!"

"ఆమెనేం అనకు" అన్నాడు మేస్త్రి గోడతో.

"అననులెండి. ఎవర్నీ ఏమీ అనను. ఆ కాగితాలన్నీ మూటగట్టి చిత్తుకాగితాలవాడికి వేసేస్తాను, పీడా పోతుంది."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. మేస్త్రి వీపు వైపు చూసి మానుకుంది. మెల్లిగా అడిగింది. "కోటు ఇవ్వడానికి ఎప్పుడు బయల్దేరతావమ్మాయ్?"

కోడలు నిర్ఘాంతపోయింది. "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నారన్న మాట!"

"అది కాదు..."

"చాలు. నాకర్థమైంది."

కోటు పూర్తయ్యేదాకా ఆమె తల ఎత్తలేదు. రెండుచోట్ల కుట్టు తప్పి ఊడదీసి మళ్లీ వేసింది. ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టుకుని, తలుపు గట్టిగా వేసి మరీ బయల్దేరింది. ఆ తలుపు చప్పుడు వెనక గదికి వినబడాలనే వేసింది.

వీధి మలుపు తిరిగేసరికి పొద్దున్నుంచి తేల్చని ఆకాశం ఒక్కసారిగా తేల్చేసింది. వాన. తెల్లకోటు తడుస్తుందని సంచి గుండెలకి అదుముకుని, తనను తాను తిట్టుకుంటూ గొడుగు కోసం వెనక్కి పరిగెత్తింది.

గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయింది.

మేస్త్రి ముందు గదిలో ఉన్నాడు. నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి కత్తిరించే బల్ల మీద ఆనించాడు. వంకర పిడి చేతికర్ర బల్లకి వేలాడుతోంది. రెండో చేతిలో కాగితం కోటు చెయ్యి ఉంది. దాన్ని కోపంగా గాల్లో ఊపుతున్నాడు.

"ఎవరు కోశారు దీన్ని?"

"మావయ్యా..." కోడలి చేతిలోంచి సంచి జారింది. "మీరు... నిలబడ్డారు."

"నిలబడ్డాను! ఆ సంగతి తర్వాత. నా కథ ఎవరు కోశారు?"

"నడిచొచ్చారా? ఇక్కడిదాకా?"

"ఎగిరొచ్చానా మరి! ఈ ముక్క కోసమే కదా ఇంత దూరం వచ్చింది. చూడు, దీనికి భుజం పెట్టారు!"

అత్తగారు ఆయన వెనక, చెయ్యి వేయకుండా, వేయడానికి సిద్ధంగా నిలబడి ఉంది. కోడలి మొహం చూసి ఆవిడకి జాలేసింది.

"ఈయన సంగతి నీకు తెలుసుగా. లేచి తూలితే నువ్వూ అబ్బాయీ చూస్తారని సిగ్గు. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నారు. లేవమని అడిగితే లేవరు. అందుకని అడగలేదు. నేను చదివి నవ్వేదాన్ని. ఏముందే అందులో అనేవారు. చెప్పేదాన్ని కాదు. మొదటి ఫారం కిటికీలో పెట్టి, కావాలంటే వెళ్లి చదువుకోండి అన్నాను. పొద్దుగూకేదాకా తిట్టి, లేచారు."

"కిటికీలో..." అంది కోడలు.

"తర్వాతది కుండ దగ్గర. ఆ తర్వాతది నడవాలో. నీ మిషను మోగుతున్నంతసేపూ నడిచేవారు. మిషను ఆగితే మంచమెక్కేవారు. ఆఖరిది ఇక్కడ పెట్టాను. ఈ గదిలో నువ్వుంటే రారు. అందుకే ఎప్పుడు బయల్దేరతావని అడిగాను."

కోడలు బల్ల పక్కన నిలబడి నడవాలోకి చూసింది. చెప్పుల అర, దాని వెనక వంటిల్లు, దాని వెనక గది, గదిలో కిటికీ. ఆ కాగితాల్ని తానెన్నిసార్లు తిట్టుకుంటూ ఏరిందో గుర్తొచ్చింది. ఏరినప్పుడల్లా ఈవిడ నోరెత్తకుండా మళ్లీ తీసుకెళ్లి అక్కడే పెట్టింది.

"అత్తయ్యా, మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను..."

"అన్నావు. మంచిదే అయింది. నువ్వు నన్ను తిడుతుంటే ఈయనకి నీ మీద కోపం వచ్చి ఇంకో నాలుగడుగులు ఎక్కువే వేశారు."

"మీ ఏడుపులు తర్వాత ఏడవండి" అన్నాడు మేస్త్రి. "ముందు ఆ ముక్కలన్నీ ఇటు తెండి."

కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. కథ తేలేదాకా కూర్చోనన్నాడు. బల్ల మీద కోటు చెయ్యి పరిచి, దాని చుట్టూ కత్తిరించగా మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే ఆనించాడు. చెక్కకి చెక్క అతికించినంత శ్రద్ధగా అంచుకి అంచు కలిపాడు. కళ్లజోడు సరిచేసుకుని, పేజీ అంకెలు వెతుక్కుంటూ, తలకిందులైన చోట ముక్కలు తిప్పుకుంటూ, వేలు పెట్టి, బళ్లో పిల్లాడిలా పైకి చదివాడు. బావా బామ్మర్దులు గోడ పగలగొట్టారు. అల్మారా వీధిలో పడింది. వీధి వీధంతా వచ్చి భుజం పట్టింది. దారిలో ఒకరి అరుగు విరిగింది, ఒకరి పందిరి ఊడింది. చీకటి పడేవేళకి చెప్పిన ఆసామి ఇంటి ముందు దించారు. ఆసామి బయటికొచ్చాడు. అల్మారా చుట్టూ తిరిగాడు. తలుపు తీసి చూశాడు, వేసి చూశాడు.

"'పని బాగుంది' అన్నాడు ఆసామి. 'కానీ నేను చేయమన్నది...'" మేస్త్రి వేలు కాగితం అంచు దాటి బల్ల చెక్క మీదికొచ్చింది. "నేను చేయమన్నది? ఏంటి? ఇక్కడ లేదే!"

చంక దగ్గర గుండ్రంగా కోసిన చోటు అది.

"ఏమే, నీకు తెలుసుగా. చెప్పవే!"

"చెప్తానండీ. వాడేమంటాడంటే... నేను చేయమన్నదీ..." అత్తగారి ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. కాసేపు ఏమీ లేదు. తరువాత ఆవిడ గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

"చూశావా?" మేస్త్రి కోడలితో అన్నాడు. "పెళ్లయిన నాటి నుంచీ ఇదే నా బతుకు. ఈ మనిషి నోట ఒక్క కథా చివరిదాకా విన్న పాపాన పోలేదు నేను."

కోడలు గుడ్డపీలికల బుట్ట నేల మీద కుమ్మరించింది. మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. తెల్లటి పీలికల మధ్య నెలవంకలా వంగిన కాగితం ముక్క దొరికింది. వెలుతురుకి పెట్టి చదివింది.

ముందు ఆమె మొహంలో ఏమీ లేదు. ఇంకోసారి చదివింది. పెదవి బిగించింది. తరువాత ఆమె ముక్కులోంచి, అచ్చం అత్తగారి లాగే, ఒక చప్పుడొచ్చింది.

"ఏంటమ్మా? ఏముంది?"

"మావయ్యా... ఆయన... నేను చేయమన్నది..." ఇక మాట లేదు. ఇన్నాళ్లుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలినట్టు నవ్వు వచ్చేసింది. పీలికల మధ్య కూలబడింది. అత్తగారు ఆమె భుజం మీద వాలింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగుతున్నారు.

"ఒక్క ఆడదానితోనే వేగలేకపోతుంటే ఇప్పుడు ఇద్దరా! ఇటివ్వండి ఆ ముక్క!"

కోడలు నేల మీది నుంచే చెయ్యి ఎత్తి అందించింది. మేస్త్రి దాన్ని చంక దగ్గర అతికించి చదివాడు.

"స్టూలు" అన్నాడు.

ముక్క వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ అదే చోట పెట్టాడు.

"వాడు చేయమన్నది స్టూలా?" ఆయన అల్మారా చేసినవాడిలాగే నిలబడిపోయాడు. "స్టూలుకి కొలతేంటి, అల్మారాకి కొలతేంటి! గోడ పగలగొట్టి, ఊరంతా మోసి... స్టూలు!" ఇంకా తిట్టబోయి తిట్టలేకపోయాడు. ముందు మీసాలు కదిలాయి. తరువాత భుజాలు. "అబ్బా, తుంటి... నవ్వించకండే... నొప్పి..." అంటూనే నవ్వాడు. నిచ్చెన మీంచి పడ్డాక ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు.

వాన తగ్గాక కోడలు కోటు తీసుకెళ్లి ఇచ్చింది. నర్సు గుమ్మంలోనే అడిగింది. "మీ అత్తగారికెలా ఉంది?"

"ఇంటిల్లిపాదికీ అంటుకుందండీ" అని చెప్పి వచ్చేసింది.

దీపాలు పెట్టాక కొడుకు వచ్చాడు. చెప్పులు విప్పుతూ లోపలికి చూసి, విప్పిన చెప్పు చేత్తోనే పట్టుకుని నిలబడిపోయాడు. అన్నాల బల్ల దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు. ఎవరూ పట్టుకోలేదు. కొడుకు రెండడుగులు ముందుకేశాడు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి కళ్లూ అంతే.

"నాన్నా..." అన్నాడు చివరికి. ఏం చేయాలో తోచక చుట్టూ చూశాడు. ఆయన కుర్చీ ముందు గదిలో ఉండిపోయింది. "నిలబడే ఉన్నావేంటి, కాళ్లు నొప్పెడతాయి. ఉండు, స్టూలు తెస్తాను."

అత్తగారు గభాలున కూరగిన్నె మీదికి వంగింది. కోడలు మంచినీళ్ల చెంబు కోసం అటు తిరిగింది. మేస్త్రి మీసం కొరుక్కున్నాడు.

స్టూలు వచ్చింది. మేస్త్రి దాని కాళ్లు ఒకసారి ఊపి చూసి కూర్చున్నాడు. కోడలు వడ్డించింది. నలుగురూ తినడం మొదలుపెట్టారు. తల ఎత్తితే ఇంకొకరి కళ్లు కనబడతాయి, కనబడితే ఇక ఆగదని ముగ్గురికీ తెలుసు. అందుకని కంచాల్లోకే చూస్తూ తిన్నారు. అత్తగారి భుజాలు కదులుతున్నాయి. కోడలి చెంప మీంచి ఒక చుక్క జారి అన్నంలో పడింది. మేస్త్రి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా ఉండిపోయాడు.

కొడుకు వాళ్లని ఒక్కొక్కరినే చూశాడు. ఇన్నాళ్ల దిగులు ఇవాళ ఇలా బయటికొస్తోంది కాబోలు అనుకున్నాడు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అవి ఎవరికీ కనబడకూడదని అతను కూడా తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.